నరము బెణికిన పిమ్మట

మన ప్రాంతమున మడమ వెనుక నొప్పి పుట్టినను, వ్రేలు తెగినను "నరము దెబ్బతిన్నది" యనుట వాడుక. నిజమునకు అది నరము కాదు; కండను ఎముకకు కట్టియుంచు తెల్లని త్రాడు. దీనిని శాస్త్రమున స్నాయుబంధన మందురు.

కబడ్డీలో కాలు పట్టిన బాలుని కొందరు తల్లిదండ్రులు మరునాడే నూనెతో మర్దన చేయించి "నరము లాగింతురు". మరికొందరు నెలలకొలది మంచము దిగనీయరు. రెండును ప్రేమచేతనే చేయుదురు గాని, రెండింటివలనను కీడు కలుగును.

గాయమైన మొదటి కొన్ని దినములు వాపు, నొప్పి యుండును. పిదప కొన్ని వారములపాటు కొలాజెన్ అను మాంసకృత్తుతో క్రొత్త పోగులు పుట్టును. ఇవి మొదట చిక్కుపడిన గోగునారవలె అడ్డదిడ్డముగా నుండును. మన రైతులు గోగునారను చిక్కు తీసి, ఒకే వైపునకు సవరించి పేనినగాని త్రాడు కాదు గదా! ఈ పోగులును కొలదికొలదిగా బరువు పడినప్పుడే లాగు దిక్కునకు వరుసపడును. బొత్తిగా బరువు పడనిచో చిక్కుగనే మిగిలి, చుట్టునున్న పొరలకు అంటుకొనును. తొందరపడి లాగినచో పేనని నారవలె విడిపోవును. పూర్తి బలము వచ్చుటకు నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరమునకు పైగా పట్టును.

మా విద్యార్థి తల్లిగారొకరికి చేపలు కోయుచుండగా కత్తిపీట తగిలి చూపుడువ్రేలి స్నాయుబంధనము తెగెను. వైద్యులు కుట్టి, కొలది దినములలోనే తాము చూపిన మేరకు వ్రేలిని కదలించుచుండుమనిరి. కుట్టు తెగునను భయముతో ఆమె రెండు నెలలు దానిని గుడ్డ చుట్టి దాచుకొనెను. కుట్టు తెగలేదు, వ్రేలు మాత్రము సగమే వంగుచున్నది. "ముద్ద కలపడానికి కూడా ఈ ఏలు ఒంగదు మాస్టారండీ" అని ఆమె యనగా, ఆమె భయము తప్పనుటకు మాకు నోరాడలేదు. కదలిన తెగుననుట ఎవరికైనను తోచు మాటయే.

వైద్యులకును ఆ భయము చాలకాలముండెను. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో పాల్ బ్రాండ్ దొరగారు 1940ల చివర కుష్ఠురోగుల వంకరవోయిన వ్రేళ్లకు మంచి కండయొక్క స్నాయుబంధనమును తెచ్చి అతికి, చేతులను చక్కబరుప నారంభించిరి. మార్కు సువార్త మూడవ అధ్యాయములోని ఊచచెయ్యి గలవాడు ఒక్క మాటతో చేయి చాపెను. ఈ రోగులకు వారములు పట్టెడిది. శస్త్రచికిత్స పిమ్మట మూడు నాలుగు వారములు చేతిని కదలకుండ కట్టియుంచి, ఆ తరువాతనే వ్యాయామము నేర్పుట ఆచారము.

ఈ ఆచారమును పరీక్షించిన చోటు మనకు దూరము కాదు. విజయనగరమునుండి పార్వతీపురము, రాయగడ మీదుగా రాయపూరు పోవు రైలుమార్గమున ఒడిశాలో మునిగుడ యను స్టేషనున్నది. అచ్చటి కుష్ఠురోగుల ఆసుపత్రిలో డాక్టరు సంతోష్ రథ్ గారు కొందరికి రెండవ దినమునుండియే, హద్దులు పెట్టి, దగ్గరుండి వ్రేళ్లు కదలింపజేసిరి. మరికొందరి చేతులు పూర్వమువలెనే కట్టియుంచిరి. 2006, 2008, 2009 సంవత్సరములలో ఫలితములు ప్రకటింపబడెను. కదలించిన చేతులలో అతుకు ఊడలేదు. వంకర సమానముగనే తీరెను. పనికి మరలుట మాత్రము ముందుగా జరిగెను. కూలివానికి ఆ దినములు కూలియే.

చిరకాలపు మడమనొప్పికి స్వీడను దేశపు ఆల్ఫ్రెడ్‌సన్ 1998లో చూపిన పద్ధతి కలదు. మెట్టు అంచున మునివ్రేళ్లపై నిలిచి మడమను మెల్లగా దించవలెను. ఒక విడతకు 15 మార్లు, మూడు విడతలు, దినమునకు రెండు పూటలు, 12 వారములు. మా పాఠశాల మెట్లు దీనికి చక్కగా సరిపోవును. అయితే నొప్పి సరిగా మడమ యెముకనంటియున్నచో మెట్టు క్రిందికి దించరాదు. సాగదీసిన కొలది స్నాయుబంధనము ఎముకకు ఒత్తుకొని బాధ హెచ్చును. ఆటలో వెనుకనుండి ఎవరో తన్నినట్లు తోచి, మునివ్రేళ్లపై నిలువలేకపోయినచో అది తెగియుండును. అప్పుడు సాగదీయుట బొత్తిగా పనికిరాదు. సాగి అతికినచో అడుగు తన్ను బలము తగ్గును. నూనె పట్టింపక, ఆ దినమే బాలుని వైద్యునియొద్దకు కొనిపోవలెను.