రెండు పెరళ్ల కబురు

ఎడిసన్, న్యూజెర్సీ
ఏప్రిల్ మొదటి ఆదివారం

వదినగారికి,

మీ అమ్మగారు లేచి నాలుగడుగులు వేస్తున్నారని విని ప్రాణం కుదుటపడింది. ఆవిడకి పూర్తిగా నయమయ్యేదాకా రాజమండ్రిలోనే ఉండండి. ఇక్కడి పెరడు గురించి బెంగ వద్దు. కంచెకి అటు మీదీ ఇటు మాదీ, రెండూ నేనే చూస్తున్నాను. మీరడిగినవి ఫోనులో ఇంత వివరంగా చెప్పడం కుదరదని రాస్తున్నాను.

వీధి పొడుగునా ఫోర్సీథియా పచ్చగా విరగబూసింది. మీ ముంగిట డాఫొడిల్స్ కూడా విచ్చుకున్నాయి. వెనకవైపు మాత్రం నిరుడు రాలిన ఆకు పూలమళ్ల మీద అలాగే ఉంది, ఎండిన కాడలు నిలబడే ఉన్నాయి. ఇల్లు పాడుబెట్టారని చుట్టుపక్కలవాళ్లు అనుకోరా అని అడిగారు కదా. కావాలనే ఉంచాను వదినా.

మనకి వాకిలి ఊడ్చి కళ్లాపి చల్లితేనే శుభ్రం. వాకిటికి అది న్యాయమే. కానీ ఊడ్చిన ఆకూ అలమూ ఎక్కడికి పోయేవి? దొడ్లో పెంటకుప్ప మీదకే. ఏడాది తిరిగేసరికి అవే ఎరువై పాదుల్లోకి వచ్చేవి. ఇక్కడ ఆకుని కాగితపు సంచుల్లోకి ఎత్తి రోడ్డువారన పెడతాం, టౌన్‌షిప్ బండి పట్టుకుపోతుంది. వసంతం రాగానే డబ్బు పెట్టి మల్చ్ సంచులు, కంపోస్టు సంచులు మోసుకొస్తాం. మన చెట్లు ఉచితంగా ఇచ్చింది పంపించేసి, అలాంటిదే కొనుక్కోవడం నాకు మనసొప్పదు.

పైగా ఆ ఆకు కింద ప్రాణాలున్నాయి. జూన్ సాయంత్రాల్లో మీ పిల్లలు వెంటపడే మిణుగురులు ఇప్పుడు పురుగు దశలో ఆ తడి ఆకుల కింద, మట్టిలో ఉంటాయి. ఈ నేలకి చెందిన తేనెటీగలు తుట్టెలు కట్టవు. ఎక్కువ రకాలు నేలలో బొరియలు చేసుకుంటాయి, కొన్ని బోలు కాడల్లో గుడ్లు పెడతాయి. మన గుమ్మడి పూలు కాయలుగా మారాలంటే ఇలాంటి ఈగలూ రావాలి. అందుకే పగటి వేడి వరసగా 50 డిగ్రీల ఫారన్‌హీట్ దాటేదాకా పూలమళ్ల జోలికి వెళ్లను. ఆ తర్వాత కూడా కాడలను మొదలంటా కోయకుండా అడుగు, అడుగున్నర ఉంచుతాను.

కూరమళ్ల లెక్క వేరు. అక్కడ దయ చూపకూడదు. నిరుడు మీ టమాటా ఆకుల మీద గుండ్రటి మచ్చలు వచ్చాయి గుర్తుందా? ఆ తెగులు ఎండిన చెత్తలోనే చలికాలం గడిపి, కొత్త నారుని పట్టుకుంటుంది. ఎండిన టమాటా మొక్కల్నీ, బూడిద తెగులు పట్టిన దోస తీగల్నీ వేళ్లతో సహా పీకి చెత్తబండికి వేసేశాను, కంపోస్టులో కలపలేదు. శుభ్రం చేయడమంటే అంతా ఎత్తిపారేయడం కాదు వదినా, ఏది ఉండాలో ఏది పోవాలో తెలుసుకుని చేయడం. ఏటేటా నాకిది మరింత గట్టిగా అనిపిస్తోంది.

పోవాల్సింది ఇంకోటి ఉంది. మీ మేపుల్ చెట్టు మొదలుకి ఎండిన బురద పూసినట్టు బూడిదరంగు మరకలు కనిపించాయి. స్పాటెడ్ లాంటర్న్‌ఫ్లై గుడ్లు! 2014లో పక్కనే పెన్సిల్వేనియాలో బయటపడిన పురుగు ఇది. 2018కల్లా మన రాష్ట్రంలోకీ వచ్చేసింది. ఒక్కో మరకలో 30 నుంచి 50 గుడ్లుంటాయి. ఏప్రిల్ చివరి నుంచీ అవి పిల్లలవుతాయి కాబట్టి, పాత ప్లాస్టిక్ కార్డుతో గీకి ఆల్కహాల్ పోసిన సంచిలో వేశాను.

రట్గర్స్ యూనివర్సిటీ ప్రయోగశాలకు పంపిన మట్టి ఫలితం కూడా వచ్చింది. మీ మడిలో పులుపు ఎక్కువైంది. పీహెచ్ 6 దాటితేగాని కూరలు హాయిగా ఎదగవు. సున్నపురాయి పొడి పనిచేయడానికి నెలలు పడుతుంది, అందుకే వాళ్లు చెప్పిన మోతాదు ఇప్పుడే చల్లి కలిపేశాను.

మార్చి 17కల్లా బఠాణీ పెట్టాలనే ఇక్కడివాళ్ల మాట పాటించాను. మెంతి, పాలకూర, కొత్తిమీర చల్లాను. ఇవి చలికి ఓర్చుకుంటాయి. బీర, కాకర గింజల్ని రాత్రి నానబెట్టి కప్పుల్లో పెట్టి కిటికీలో ఉంచాను. మదర్స్ డే దాటాక, రాత్రిళ్లు మంచు పడదని నమ్మకం కుదిరాక నేలలోకి దించుతాను. అంతకు ముందు వారం పదిరోజులు రోజూ కాసేపు బయట ఎండకీ గాలికీ అలవాటు చేయాలి. తొందరపడి నాటినా లాభం లేదు, చల్లటి మట్టిలో బీర వేరు కదలదు.

గోంగూరా మే నెలలోనే. పగటిపొద్దు తగ్గితేగాని అది పూతకు రాదు కాబట్టి వేసవంతా ఆకే ఆకు. కానీ విత్తనం ముదిరేలోగా మంచు కొట్టేస్తుంది. అలాగని మీరు వచ్చేటప్పుడు గింజలు పెట్టెలో వేసుకు వచ్చేయకండి. అక్కడి మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం గాని, చిన్న మొత్తాలకు ఇక్కడి వ్యవసాయశాఖ ఇచ్చే అనుమతి గాని ఉండాలి. పచ్చి కరివేపాకు అసలే తేవద్దు. దాని మీద వాలే పురుగు ద్వారా నారింజ తోటలకు గ్రీనింగ్ తెగులు వస్తుంది. 2005లో అది ఫ్లోరిడాలో బయటపడి తోటలకు తోటల్నే దెబ్బతీసింది. మీ కరివేప కుండీ మా హాల్లో కొత్త చిగురు వేసింది. రాత్రిళ్లు 50 డిగ్రీలు దాటాక బయట పెడతాను, అదీ మొదట నీడలోనే.

అక్కడుండగా ఓసారి కడియం నర్సరీలకి వెళ్లండి. అమ్మగారికి మల్లె అంటులు, ఒక నిమ్మ మొక్క తెచ్చిపెట్టండి. కానీ ఈ ఎండల్లో నేలలో నాటకండి. కుండీల్లోనే నీడన ఉంచి నీళ్లు పోస్తూ, తొలకరి పడ్డాక నాటితే బతుకుతాయి. ఇక్కడ మంచు చెప్పినట్టు వినాలి, అక్కడ ఎండ చెప్పినట్టు. ఆవిడ మంచం మీంచి కనిపించే చోట గుంట తీయించండి. రోజూ చూసుకోవడానికి పచ్చటి మొక్క ఉంటే మనిషికి ఓపిక వస్తుందని నా నమ్మకం.

ఇక మీరు తేల్చాల్సింది ఒకటుంది. మీ పందిరి ఒక పక్క గుంజ పుచ్చిపోతే మార్పించాను, ఇప్పుడు గట్టిగా ఉంది. దాని మీదకి బీర ఎక్కించనా, పొట్ల ఎక్కించనా? పొట్ల అంటే గింజలు ఈ నెలాఖరులోగా నానబెట్టాలి. ఆలోచించి వెంటనే రాయండి.

ఇట్లు,
మీ పక్కింటి వదిన