పక్క కిరదార్‌కి సొంత కిస్సా

అమీర్ హమ్జా దాస్తాన్ విన్నవాళ్లను అడిగి చూడండి. హమ్జా ఏం చేశాడంటే కాస్త ఆలోచిస్తారు. అమర్ అయ్యార్ ఏం చేశాడంటే ముందు నవ్వు వస్తుంది, ఆ వెనకే కిస్సా వస్తుంది. హమ్జా బహాదుర్, షరీఫ్ మనిషి. అమర్ ఆయన దోస్త్, పైసలంటే ప్రాణం పెట్టే లాలచీ. కప్పుకుంటే ఎవరికీ కనపడకుండా చేసే గిలీమ్, ఎంత వేసినా నిండని జంబీల్ ఆయన సొత్తు. జంబీల్ అంటే ఇట్లాంటిదే అని మా నానీ తన బట్వా చూపించేది. సున్నం డబ్బీ, లవంగాలు, మడిచిన పదిరూపాయల నోట్లు అన్నీ అందులోనే.

అమర్ పక్క కిరదారే. కానీ లక్నోలో నవల్ కిషోర్ ప్రెస్ వాళ్లు 1883 నుంచి వేసిన 'తిలిస్మె హోష్‌రుబా' సంపుటాలలో హమ్జా వెనక్కి జరిగిపోతాడు. ఆయన మనవడు అసద్ తిలిస్మ్‌లోకి వెళ్లి ఖైదవుతాడు. జాదూగర్ల పాద్షా అఫ్రాసియాబ్‌ను ముప్పుతిప్పలు పెట్టేది అమర్, ఆయన సాటి అయ్యార్లు. ఆ తర్వాత పిల్లల కోసం అమర్ పేరు మీదే చిన్న చిన్న ఉర్దూ పుస్తకాలు లెక్కలేనన్ని వచ్చాయి. హీరో దోస్త్‌కి సొంత సిరీస్ ఇవ్వడం అమెరికా కామిక్స్ వాళ్లు కనిపెట్టిన తరీఖా కాదన్నమాట.

అయినా వాళ్ల దగ్గర జరిగిన ఒక సంగతి నాకు చాలా ఇష్టం. 1968లో మార్వెల్ కంపెనీ కథల్లో కెప్టెన్ మార్వెల్ అనే మగ హీరో పక్కన కెరోల్ డాన్వర్స్ అనే సెక్యూరిటీ ఆఫీసర్ వచ్చింది. 1977లో ఆమెకు 'మిస్ మార్వెల్' అని సొంత సిరీస్ ఇచ్చారు. సిరీస్ ఆమెదే, పేరులో నీడ మాత్రం ఆయనదే. 2012కి గానీ కెప్టెన్ అనే పేరు ఆమెకు రాలేదు. మరి ఖాళీ అయిన మిస్ మార్వెల్ పేరు ఎవరికి దక్కింది? 2013లో కెప్టెన్ మార్వెల్ 14వ సంచికలో అట్లా కనిపించి ఇట్లా పోయిన ఒక అమ్మాయికి. జెర్సీ సిటీలో ఉండే పాకిస్తానీ ఖాందాన్ పిల్ల, కమలా ఖాన్. 2014 ఫిబ్రవరిలో ఆమె సిరీస్ మొదలైంది. రాసింది జి. విల్లో విల్సన్, బొమ్మలు ఏడ్రియన్ అల్ఫోనా, ఎడిటర్ సనా అమానత్. మరుసటి ఏడే హ్యూగో అవార్డు వచ్చింది. 2022లో టీవీకి కూడా ఎక్కింది.

(కమల అంటే మనకు తామరపువ్వు. ఆ పిల్ల అబ్బూకి మాత్రం అది 'కమాల్' లోంచి వచ్చిన పేరు. ఈ సంగతి చెబితే మా పక్కింటి పెద్దమ్మ, 'మా పేరు మీరెప్పుడు తీసుకున్యారమ్మా' అని ఒకటే నవ్వు.)

కమలాకు తాఖత్ రాగానే ఆమె చేసిన మొదటి పని కెరోల్ లాగా మారిపోవడం. బంగారు జుట్టు, పొడుగు బూట్లు. ఏవీ సుఖంగా లేవు. తర్వాత తన బుర్కినీనే మార్చుకుని హీరో బట్టలు చేసుకుంది. రాత్రి ఆలస్యంగా వస్తే అమ్మీ కోపం. మస్జిద్‌లో షేక్ సాబ్ తిడతాడని భయపడుతూ వెళ్తే, ఆయన మంచి ఉస్తాద్‌ను వెతుక్కో అంటాడు. దుష్మన్‌లతో కొట్లాటలు ఏ హీరో కథలోనైనా ఉంటాయి. ఆ ఇంటి దస్తర్‌ఖాన్ ఇంకొకరి కథలో పట్టదు. అందుకే ఆ సిరీస్ నిలిచింది అంటాను నేను.

మన తెలుగు కథల్లో, సినిమాల్లో చూడండి. ఖాన్ సాబ్ ఉంటాడు, మంచివాడు, వఫాదార్, హీరో కోసం కత్తిపోటు తిని ఒడిలో ప్రాణం వదులుతాడు. ఆయనకు ఇల్లుందా? ఆయన బీవీ ఆ పొద్దు ఏం వండింది? ఎవరికీ పట్టదు. ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' చదివినప్పుడు నాకు కలిగిన ఖుషీ అదే. మన ఇల్లు, మన లేమి, మన తిండి, మన కొట్లాటలు, ఒక కత తర్వాత ఇంకో కతగా. స్కైబాబ 2004లో తెచ్చిన 'వతన్' కథలు కూడా అంతే. ఎగిరే మనుషులు ఎవరూ లేరు గానీ అవీ సొంత సిరీస్‌లే.

శిరివెళ్లలో మా ఆపా చిన్న కూతురికి పన్నెండేళ్లు. లాంగ్ నోట్‌బుక్కులో బాల్‌పెన్నుతో కామిక్ వేస్తుంది. హీరో పేరు వజ్ర, నల్లమల కొండల మీంచి ఎగురుకుంటూ వస్తాడు. నస్రీన్ అనే పిల్ల ఆయన చినిగిన కేప్ కుట్టిస్తుంది. ఆమె పని అంతే.

"ఈ నస్రీన్‌కే కథ రాయరాదా?" అన్నాను.

"దానికేం కథ ఉంటాది ఖాలా, మిషన్ కుడతా ఉంటాది."

ఆపా ఇంట్లో కుట్టుమిషన్ ఉందని వేరే చెప్పక్కర్లేదు. "వజ్ర ఎగిరిపోయినాక ఏం చేస్తాది?"

పెన్ను కొరుకుతూ చాలాసేపు కూర్చుంది. "అబ్బాకు అబద్ధం చెప్తాది. ఈ గుడ్డ ఎవరిదంటే పెళ్లి షామియానా ముక్క అని."

మొదటి భాగం అదే అయింది. రెండో భాగంలో నస్రీన్ పది పాసయింది, నంద్యాల కాలేజీలో చేరతానంటుంది. 'రోజూ అంత దూరం ఆడపిల్ల బస్సులోనా' అని అబ్బా. 'రిష్తాలు చూస్తే అయిపాయె' అని దాదీ. ఆ మాటలు ఆమె కల్పించినవి కావు. ఈ ఏడు పది పాసయిన వాళ్ల అక్క గురించి ఆ ఇంట్లో నడుస్తున్నవే. సూదిలో దారం ఎక్కిస్తూ విన్నది విన్నట్టు రాసింది.

నోట్‌బుక్కు దూల్హాభాయ్ చేతికి ఎట్లా వెళ్లిందో నాకు తెలియదు. ఆపా పని అని నా షక్. షామియానా దగ్గర గట్టిగా నవ్వాడట. రెండో భాగం చదివి ఏమీ అనలేదు. మూడో భాగంలో నస్రీన్ బుర్ఖా వేసుకుని, సంచీ తగిలించుకుని శిరివెళ్ల మెట్టలో నిలబడింది. కండక్టర్ 'నంద్యాల, నంద్యాల' అని అరుస్తున్నాడు. అక్కడ పేజీ అయిపోయింది.

మూడు రోజులుగా ఇషా నమాజ్ నుంచి వచ్చి ఆయన అడిగేది ఒకటే, "బస్సెక్కిందా లేదా?"

"ఇంకా వెయ్యలేదబ్బా" అంటోంది ఇది.

కాలేజీలో ఫారం ఇవ్వడానికి ఇంకా తొమ్మిది రోజులు ఉన్నాయి.