నిప్పా, పెట్రోలా?

అమెరికా సైన్యం కాగితాల్లో జీపు పేరు పావు టన్ను ట్రక్కు. రెండో ప్రపంచ యుద్ధంలో విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు రెండూ కలిసి 6 లక్షలకు పైగా చేశాయి. ఆ సంగతి మాకు పెద్దయ్యాక తెలిసింది. చిన్నప్పుడు తెలిసింది ఒకటే, మావ జీపు. మైదానం షావుకారు ఒకాయన మిల్ట్రీ డిస్పోజల్ బండి కొని, వాడినంత వాడి, ఇక నడవదనుకున్నాక మావకు అంటగట్టాడు. ముందు జాలీకి 9 సందులు. యుద్ధపు బండ్లకు అన్నే ఉంటాయి. తర్వాత జనానికి అమ్మినవాటికి 7. మాకు అంకెలు వచ్చింది బడిలో కాదు, ఆ జాలీ దగ్గరే.

పాడేరు ఘాట్‌లో ఆ బండి మోయనిది లేదు. పిప్పళ్లు, పసుపు, చింతపండు, అడ్డాకులు, వాటి మీద మనుషులు. నాలుగు సిలిండర్లు, 60 గుర్రాల బలం. కొత్తలో మాట అది. మా దగ్గరకొచ్చేసరికి ఎన్ని గుర్రాలు మిగిలాయో!

మావకు చదువు రాదు. బండి ఆగితే మమ్మల్ని అడిగేది ఒకటే ప్రశ్న: "నిప్పు లేదా, పెట్రోలు లేదా?" రెండిట్లో ఏది లేదో తేలేదాకా స్పానర్ పట్టనిచ్చేవాడు కాదు. తేలాక కూడా ఒకసారికి ఒక్కటే మార్చాలి. రెండు మార్చి బండి స్టార్టయితే, ఏది జబ్బో ఎప్పటికీ తెలియదు అనేవాడు.

ఏప్రిల్‌లో మాడుగుల నుంచి ఎక్కేటప్పుడు గరికబంద దగ్గర ఇంజన్ ఆగేది. ఏసీ పంపు, పొగగొట్టం మొదలు రెండూ ఇంజన్‌కి ఒకే పక్కన ఉంటాయి. ఆ వేడికి పైపులో పెట్రోలు ఆవిరై, పంపు ఎంత లాగినా ఆవిరే వచ్చేది. తడిగుడ్డ పంపుకీ పైపుకీ చుట్టి ఒక చుట్ట కాల్చేంతసేపు ఆగితే మళ్లీ కదిలేది. నీళ్లు పొగగొట్టం మొదట్లో పడకూడదు, పోత ఇనుము బీటలేస్తుంది.

వానాకాలం ఒక రాత్రి మా పెదనాన్న కొడుక్కి చలిజ్వరం తలకెక్కింది. ఒళ్లు విరుచుకుంటున్నాడు, పిలిస్తే పలకడు. జీపులో వేసుకుని పాడేరు ఆసుపత్రికి బయలుదేరాం. సగం దారిలో మిస్సింగ్ మొదలైంది. సైలెన్సర్ ఫట్‌ఫట్‌మని పేలి, ఇంజన్ ఆగిపోయింది. మా నాన్న కంగారులో తువ్వాలు తడిపి ఏసీ పంపు మీద వేశాడు.

"ఏప్రిల్ రోగానికి ఆగస్టులో మందేస్తావా బావా?" అని మావ తువ్వాలు తీసి పక్కన పెట్టాడు.

ఆ జీపు హెడ్‌లైట్లకు ఒక సుఖముంది. మర విప్పి వెనక్కి తిప్పితే వెలుగు ఇంజన్ మీద పడుతుంది. యుద్ధంలో రాత్రి రిపేర్ల కోసం అలా చేశారు. కానీ 6 వోల్టుల బ్యాటరీ. లైటు వేస్తే అది దిగిపోతుంది, ఆర్పితే పాయింట్లు కనబడవు. మావ చూసినంతసేపు వేసి, ఆలోచించేటప్పుడు ఆర్పేసేవాడు. ఆ చీకట్లో పిల్లాడి మూలుగు వినబడేది. మేం ఏడిస్తే, "హ్యాండిల్ తిప్పండి" అన్నాడు.

కార్బురేటర్ దగ్గర పైపు వదులు చేసి తిప్పితే పెట్రోలు చిమ్మింది. సరే, పెట్రోలుంది. కాయిల్ వైరు తీసి ఇంజన్ ఇనుముకు కాస్త ఎడంగా పట్టాడు. నీలంగా, టిక్కుమని రావాల్సిన నిప్పు పచ్చగా, సన్నగా వచ్చింది. డెల్కో మూత తీశాడు. పాయింట్లలో ఒకదాని మీద గుంట, రెండోదాని మీద దిబ్బ. మేం తిప్పుతుంటే ప్లగ్గులో మెరవాల్సింది ఆ పాయింట్ల మధ్య మెరుస్తోంది.

"కండెన్సర్ పోయింది."

పాయింట్లు విడిపోయేటప్పుడు కరెంటు ఆ సందు దాటబోతుంది. దాన్ని పట్టి ఆపుకునేది కండెన్సర్. అది పోతే నిప్పంతా అక్కడే ఖర్చయిపోతుంది. సీటు కింద రేకు డబ్బాలో, పాత ఇంజన్‌ది ఒకటి గుడ్డలో కట్టి దాచాడు మావ. అది బిగించాడు. అగ్గిపెట్టె పక్కతో పాయింట్లు గీకాడు. సందు సరిచూడటానికి పోస్టుకార్డు రెండు మడతలు వేసి దూర్చాడు. తర్వాతెప్పుడో పుస్తకంలో చూస్తే, ఆ సందు అంగుళంలో వెయ్యికి 20 వంతులు, అంటే అర మిల్లీమీటరు. మడిచిన కార్డు కొలిచాం. దాదాపు అంతే!

తెల్లారేసరికి పాడేరు చేరాం. ఆ పిల్లాడు ఇప్పుడు కాఫీ తోట చూసుకుంటున్నాడు.

మా హాస్టలు పెట్టెలూ పుస్తకాలూ, డైట్‌లో మా చదువూ, అన్నీ ఆ జీపు డబ్బులే. మావ కొడుకు మాత్రం ఐదో తరగతితో ఆపేశాడు. హ్యాండిల్ తిప్పడానికి ఒక మనిషి కావాలి కదా. అప్పుడు మాకది తప్పుగా తోచలేదు. పెద్దయ్యాక రవాణా బండి లైసెన్సు కావాలంటే ఎనిమిదో తరగతి పాసవ్వాలన్నారు. చెవితోనే ఇంజన్ జబ్బు చెప్పగలవాడు వేరేవాళ్ల లారీ మీద క్లీనర్‌గా వెళ్లాడు. 2019లో ఆ నిబంధన తీసేశారు. అప్పటికి అతని నడుము పోయింది. మేం ఐదో తరగతి పిల్లల హాజరు పిలిచేటప్పుడు, రాని పిల్లల దగ్గర ఆగిపోతుంటాం.

జీపు ఇప్పుడు పనసచెట్టు కింద ఉంది. ఈ వేసవి సెలవుల్లో ప్లగ్గులు విప్పి, సిలిండర్లలో ఆయిలు పోసి, నాలుగు రోజులు వదిలేశాం. ఐదో రోజు హ్యాండిల్‌కు తిరిగింది. వెంటనే పుస్తకం తెరిచి కార్బురేటర్ విప్పబోయాం. మంచం మీంచి మావ, "నిప్పు చూశార్రా?" అన్నాడు. చూడలేదు.

మావ కొడుకు వైరు పట్టుకున్నాడు, మేం తిప్పాం. మావకు శుక్లాలు, రంగు కనబడదు. "టిక్కుమందా?" అని అడిగాడు.

"లేదు నాన్నా."

"డబ్బా సీటు కిందే ఉంటుంది, చూడండి."

ఉంది. మూత తుప్పుపట్టి బిగుసుకుపోయింది. మావ కొడుకు స్క్రూడ్రైవర్ కోసం ఇంట్లోకెళ్లాడు.