ముచ్చిక తీసే చెయ్యి

కూలికి వెళ్ళే స్త్రీకి కుడిచెయ్యి పడిపోతే ఏం పోయినట్టు? మా పెద్దమ్మకి పక్షవాతం వచ్చినప్పటినుంచీ ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. నరసరావుపేట దగ్గర పల్లె మాది. ఒకప్పుడు గుంటూరు జిల్లా, 2022 నుంచి పల్నాడు. పత్తి తీత, మిరప కోత, కల్లంలో తాలుకాయలు ఏరడం, ఎండుకాయకి ముచ్చికలు తీయడం – ఇవే ఆమె బతుకు. అన్నీ బొటనవేలూ చూపుడువేలూ కలిసి చేసే పనులు. ఆడవాళ్ళ వేళ్ళ నేర్పుని పొగుడుతూనే మగకూలికన్నా తక్కువిచ్చారు.

ఆసుపత్రిలో చెయ్యి ఎంత ఎత్తుకి లేస్తోందో కొలిచారు. పెద్దమ్మ మాత్రం, "ముచ్చిక తియ్యగలనా అమ్మాయ్?" అని అడిగింది.

ఆ ప్రశ్న పట్టుకుని చదవడం మొదలుపెట్టాను. కండరం ఎముకని అంటుకునే చోట సెకనుకి 80–100 సార్లు కంపించే పరికరం పెడితే, చెయ్యి కదలకపోయినా కదులుతున్నట్టు మెదడుకి సంకేతాలు వెళ్తాయి. బిగుసుకున్న కండరం కాసేపు సడలవచ్చు. రోబో అయితే చేతిని పట్టుకుని ఒకే కదలికని వందలసార్లు చేయిస్తుంది. దానికి అలుపూ విసుగూ లేవు. కానీ బ్రిటన్‌లో 770 మందితో జరిపిన రాటల్స్ పరిశోధన ఫలితాలు 2019లో వచ్చాయి. మామూలు చికిత్సతో పోలిస్తే రోబో శిక్షణ వల్ల కదలిక కొంత మెరుగైంది గానీ, ఆ మెరుగు రోజువారీ పనుల్లోకి రాలేదు. చెయ్యి కదలడం వేరు, పనికి రావడం వేరు.

యంత్రం లేకపోతే ఇంట్లోవాళ్ళు చేయించలేరా? అదీ మన దేశంలో పరీక్షించారు. 14 ఆసుపత్రుల్లో 1250 మందితో చేసిన అటెండ్ పరిశోధన 2017లో వెలువడింది. ఇంట్లోవాళ్ళకి శిక్షణిచ్చినా ఆరునెలల తర్వాత మరణాలు గానీ పరాధీనత గానీ తగ్గలేదు. ఇక్కడ మనం ఆగి అడగాల్సింది, ఈ 'ఇంట్లోవాళ్ళు' ఎవరని. మా ఇంట్లో పెద్దమ్మ కోడలు. పొద్దునా సాయంత్రం అత్త చేతిని సాచీ ముడిచీ, మిరప కోతల కాలమంతా కూలి మానుకుంది. ఆ కూలి ఎవరి లెక్కలోకీ రాలేదు.

ఏ పని తిరిగి రావాలో ఆ పనినే సాధన చేయాలన్నది ఈ వైద్యం ఒప్పుకున్న సూత్రమే. అయితే స్పర్శ తగ్గిన చేతికి కారం అంటినా తెలీదు. అందుకని కోడలు మిరపకాయలకు బదులు చింతపిక్కలు పోసింది. ఒక్కో పిక్కనీ రెండువేళ్ళతో ఎత్తి గిన్నెలో వెయ్యాలి.

రోబోలు మన జిల్లాలకీ రావాలి. వచ్చేముందు ఆ వేళ్ళు ఏం పని చేసేవో ఆ మనిషినే అడగాలి. పక్కన కూర్చున్న కోడలికీ కూలి కట్టాలి.