బీచుపల్లిలో ఒక రోజు

పిల్లలూ! బీచుపల్లి అనే పేరు వినగానే మీలో కొందరికి సముద్రపు ఒడ్డు గుర్తుకు రావచ్చు. అక్కడ అలలూ, గవ్వలూ ఉంటాయని అనుకోవచ్చు. కాని సముద్రం అక్కడికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్నది. బీచుపల్లి కృష్ణానది ఒడ్డున, జోగులాంబ గద్వాల జిల్లాలో ఉన్న ఊరు.

ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పే కథ ఒకటి ఉన్నది. పూర్వం వ్యాసరాయలవారు అక్కడ ఆంజనేయస్వామిని ప్రతిష్ఠించారట. మరునాడు తెల్లవారేసరికి ఎవరు ముందుగా వస్తే వారే స్వామికి పూజ చేయాలని నిర్ణయించారట. అందరికంటె ముందు వచ్చినవాడు బీచుపల్లి అనే బోయ పిల్లవాడు. అతని పేరే ఊరికి నిలిచిపోయిందని అంటారు. నేటికీ పాలమూరు పల్లెలలో బీచుపల్లి అని, బీచుపల్లయ్య అని పేరున్నవారు ఎందరో ఉన్నారు. మీ తరగతిలోనే ఒకరు ఉండవచ్చు!

ఇక ప్రయాణం సంగతి. వనపర్తివారు బస్సులో పెబ్బేరు చేరి, అక్కడినుంచి కర్నూలు వైపు వెళ్ళే బస్సు ఎక్కవచ్చు. శనివారం అయితే పెబ్బేరులో సంత జరుగుతుంది. కొంతసేపు చూసి వెళ్ళండి. గద్వాలవారు ఎఱ్ఱవల్లి చౌరస్తా మీదుగా రావచ్చు. బస్సు బీచుపల్లిలో ఆగుతుందో లేదో ఎక్కేముందే కండక్టరును అడగండి. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో ఆడపిల్లలకూ, అమ్మలకూ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో టికెట్టు డబ్బు లేదు. కనుక ఖర్చుకు భయపడక సద్ది మూట కట్టుకొని బయలుదేరవచ్చు. జొన్నరొట్టె, పల్లీల పొడి, పెరుగన్నం ఉంటే చాలు.

మీరు వెళ్ళే పెద్దరోడ్డు మామూలు రోడ్డు కాదు. అది 44వ నంబరు జాతీయ రహదారి. శ్రీనగర్‌లో మొదలై కన్యాకుమారి వరకు సాగే ఈ రహదారి మన దేశంలోకెల్ల పొడవైనది. పెబ్బేరు దాటిన తరువాత బస్సు వంతెన మీదికి వస్తుంది. అప్పుడు కిటికీ దగ్గర కూర్చోండి. వంతెన దాటితే నడిగడ్డ వస్తుంది. కృష్ణకూ, తుంగభద్రకూ నడుమ ఉన్న నేల కనుక దానికి ఆ పేరు వచ్చింది. వంతెనలు లేని కాలంలో జనం ఈ నదిని పుట్టిలో దాటేవారు. పుట్టి అంటే పెద్ద గంపలాగ గుండ్రంగా ఉండే పడవ.

స్వామి దర్శనం చేసుకొని, తొందరపడక ఘాటు మెట్ల మీద నీడ చూసుకొని కూర్చోండి. ఎదుట కనబడే నీరు ఎక్కడినుంచి వచ్చిందో తెలుసునా? మహారాష్ట్రలోని మహాబలేశ్వరం కొండలనుంచి. అరేబియా సముద్రం అక్కడికి 64 కిలోమీటర్ల దూరమే. అయినా కృష్ణ అటు పోక, తూర్పుకు తిరిగి దాదాపు 1,400 కిలోమీటర్లు నడిచి, హంసలదీవి దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. దారిలో జూరాల ఆనకట్ట దాటి బీచుపల్లికి వస్తుంది. ఆపైన తుంగభద్రను కలుపుకొని శ్రీశైలానికి పోతుంది.

ఇప్పుడొక చిన్న ప్రయోగం చేద్దాం. పెద్దవారిని పక్కన ఉంచుకొని, పై మెట్టు మీదనే నిలబడండి. ఘాటు వెంట 10 మీటర్లు కొలిచి రెండు గుర్తులు పెట్టండి. మొదటి గుర్తు దగ్గర పెద్దవారిచేత ఒక ఎండుటాకు నీటిలో వేయించండి. అది రెండవ గుర్తు చేరడానికి ఎన్ని సెకన్లు పట్టిందో లెక్కించండి. 20 సెకన్లు పడితే, నీరు సెకనుకు అర మీటరు నడుస్తున్నదన్నమాట. తరువాత నది నడుమ కొట్టుకుపోయే గడ్డిపోచనో, నురుగునో చూడండి. అది ఇంకా వేగంగా పోతుంది. ఒడ్డున రాళ్ళూ, నేలా నీటిని రాచుకొని నిలువరిస్తాయి. నడుమ ఆ అడ్డు తక్కువ.

ఇందులో ఒక ముఖ్యమైన పాఠం ఉన్నది. నీటి వేగం రెండింతలైతే అది మనిషిని తోసే బలం నాలుగింతలు అవుతుంది. ఒడ్డున మోకాటిలోతులో నిశ్చింతగా నిలబడినవాడు నాలుగడుగులు లోపలికి వేస్తే నిలువలేడు. పైగా బండల నడుమ గుంటలు పైకి కనబడవు. ఈత వచ్చినవారిని కూడ నది లాగుకొని పోయేది ఇందువల్లనే.

మరొక సంగతి. బీచుపల్లిలో చినుకు పడకపోయినా కృష్ణ పొంగవచ్చు. ఎక్కడో పడమటి కొండలలో కురిసిన వాన రోజుల తరబడి నడిచి వస్తుంది. అప్పుడు జూరాల గేట్లు ఎత్తుతారు. లక్ష క్యూసెక్కులు వదిలారని పత్రికలో చదువుతారు కదా! ఒక క్యూసెక్కు అంటే సెకనుకు 28 లీటర్లకు పైన. లక్ష క్యూసెక్కులంటే సెకనుకు 28 లక్షల లీటర్లు. అనగా 5,000 లీటర్లు పట్టే ట్యాంకర్లు 560 ఒక్క సెకనులో కుమ్మరించినట్లు! 2009 అక్టోబరులో కృష్ణా, తుంగభద్రలు పొంగినప్పుడు అలంపురం, కర్నూలు నీట మునిగాయి. కనుక వరద రోజులలో అధికారులు ఘాటు దిగవద్దంటే, ఎండ కాస్తున్నది కదా అని వాదించకండి. ఆ రోజు వంతెన మీదనుంచే నదిని చూడండి.

సద్ది తిన్న తరువాత ఆకులూ, కవర్లూ నీటిలో వేయకండి. దిగువ ఊళ్ళవారు తాగేది ఈ నీరే. పొద్దు ఉంటే గద్వాల వెళ్ళి, కోటనూ, అందులోని చెన్నకేశవస్వామి గుడినీ చూడవచ్చు. నూలు చీరకు పట్టు అంచు జతచేసే నేతగాళ్ళ ఊరు అది.

చివరగా ఒక లెక్క. గురుగ్రహం సూర్యుని చుట్టూ తిరిగి రావడానికి దాదాపు 12 సంవత్సరాలు పడుతుంది. గురువు కన్యారాశిలో ప్రవేశించినప్పుడు కృష్ణా పుష్కరాలు వస్తాయి. 2004లో వచ్చాయి, 2016లో వచ్చాయి. మళ్ళీ ఎప్పుడు వస్తాయో, అప్పటికి మీకు ఎన్నేళ్ళు నిండుతాయో తిరిగివచ్చే బస్సులో లెక్కకట్టి అమ్మకూ, నాన్నకూ చెప్పండి.