ఎవరు ముందు, ఎవరు వెనక

నికోలా యోకిచ్ గొప్పవాడా, షే గిల్జస్ అలెగ్జాండర్ గొప్పవాడా అని అడిగితే బాస్కెట్‌బాల్ అభిమానులు తెల్లవార్లూ వాదించుకుంటారు. అదే ‘ఇద్దరూ ఎదురుగా ఉంటే ముందు ఎవరిని తీసుకుంటావు?’ అని అడిగి చూడండి. వాదన ఆగిపోయి లెక్క మొదలవుతుంది. ఫాంటసీ లీగు డ్రాఫ్టులో మనకు ఎదురయ్యేది ఈ రెండో ప్రశ్నే. నాకు ఇష్టమైనదీ అదే.

ఆట తీరు తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. ఎన్‌బీఏ సీజను మొదలయ్యే ముందు, అక్టోబరులో, పదిమందో పన్నెండుమందో మిత్రులు చేరి నిజమైన ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకుని ఎవరి జట్టు వాళ్లు కట్టుకుంటారు. ఒకరు తీసుకున్న ఆటగాడు ఇంకొకరికి దొరకడు. ఏప్రిల్ దాకా ఆ ఆటగాళ్లు కోర్టులో ఏం చేస్తే అది మన ఖాతాలో పడుతుంది. ఈ తరహా ఆటకు దారి చూపింది బేస్‌బాల్. 1980లో డేనియల్ ఓక్రెంట్ అనే సంపాదకుడు, ఆయన మిత్రులు న్యూయార్క్‌లో ఒక ఫ్రెంచి రెస్టారెంటులో కలుసుకుంటూ దీన్ని మొదలుపెట్టారు. ఆ రెస్టారెంటు పేరుమీదే ఒక పద్ధతిని ఇప్పటికీ రొటిసరీ అంటారు.

మా లీగులో అందరూ తెలుగువాళ్లే. కొందరు నాలాగే డాలస్ చుట్టుపక్కల ఉంటారు, కొందరు న్యూజెర్సీలో, మిగతావాళ్లు హైదరాబాదులో, విజయవాడలో. డాలస్‌లో శనివారం రాత్రి ఎనిమిదిన్నరకు డ్రాఫ్టుకు కూర్చుంటే విజయవాడలో ఆదివారం ఉదయం ఏడవుతుంది. దసరా రోజుల్లో వస్తుంది కాబట్టి ఎవరి వెనకాలో బతుకమ్మ పాటలు వినబడుతూనే ఉంటాయి. పందెం లేదు, పైసా లేదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో, చివరికి 2025లో కేంద్రమూ చట్టం చేసి ఆపాయి. ఆ చట్టాలు లేకపోయినా మేం డబ్బు పెట్టేవాళ్లం కాదు. రూపాయి పడిన చోట ఆటగాడు కనబడడు, రూపాయే కనబడుతుంది.

ఇక జాబితా సంగతి. మేం ఆడే పద్ధతిలో తొమ్మిది విభాగాలుంటాయి. పాయింట్లు, రీబౌండ్లు, అసిస్టులు, స్టీల్స్, బ్లాకులు, మూడు పాయింట్ల షాట్లు, షాట్లలో ఎంత శాతం పడ్డాయి, ఫ్రీ త్రోలలో ఎంత శాతం పడ్డాయి, బంతి ఎన్నిసార్లు పోగొట్టుకున్నాడు. ఆఖరిది తక్కువుంటే మేలు. వారానికొకరితో తలపడతాం. తొమ్మిదింట ఐదు గెలిస్తే ఆ వారం మనది. చూడ్డానికి ఇంతే, కానీ ర్యాంకులు వేయబోతే టీవీలో అందరికంటే ఎక్కువగా వినబడే పాయింట్ల సంగతి తొమ్మిదో వంతుకు దిగిపోతుంది. ఆ ఒక్క మార్పుతో ఆటంతా కొత్తగా కనిపిస్తుంది.

డైసన్ డేనియల్స్‌నే తీసుకోండి. ఆస్ట్రేలియా కుర్రాడు, అట్లాంటా జట్టు. 2024-25లో ఆటకు 14 పాయింట్ల చిల్లర చేశాడు. ఆ లెక్కన చూస్తే ఎవరూ తిరిగి చూడరు. కానీ ఆటకు మూడు స్టీల్స్ చేశాడు. సీజను మొత్తం మీద 229. 1995-96లో గ్యారీ పేటన్ తర్వాత ఒక సీజనులో అన్ని స్టీల్స్ చేసినవాడు లేడు. ఎన్‌బీఏలో మంచి ఆటగాళ్లు అనిపించుకున్నవాళ్లు కూడా ఆటకు ఒకటి దగ్గర ఆగిపోతారు. పాయింట్లు అందరి దగ్గరా ఉన్నవే, పది ఎక్కువైనా పది తక్కువైనా సర్దుకోవచ్చు. స్టీల్స్ దగ్గర రెండు ఎక్కువుంటే వారం తిరిగిపోతుంది.

అందుకే జాబితా రాసేటప్పుడు ముందుగా ఒక్కో విభాగంలో సగటు కడతాను. పన్నెండు జట్లు, జట్టుకు పదమూడుగురు, మొత్తం 156 మంది. ఆటగాడు ఆ సగటుకు ఎంత ఎగువనో దిగువనో చూసి, ఆ తేడాను ప్రామాణిక విచలనంతో భాగిస్తాను. ఇంటర్మీడియట్ లెక్కల పుస్తకంలో మనందరం చదువుకున్నదే. అప్పుడు రెండు స్టీల్స్ ఎన్ని పాయింట్లకు సమానమో తెలుస్తుంది. డేనియల్స్ పేరు జాబితాలో చకచకా పైకి పాకుతుంది. అలా ఒక పేరు పైకి వెళ్లడం చూస్తే నాకు నిజంగా సంతోషం. డ్రిబుల్ చేసేవాడి భుజం ఏ క్షణాన వంగుతుందో కనిపెట్టి వేలు అడ్డం పెట్టడం ఎంత పెద్ద విద్యో ఆ అంకె వల్లే నాకు తెలిసింది. అప్పటిదాకా నా కళ్లు బంతి మీదే ఉండేవి. ఆ తర్వాత బంతి లేని చేతుల మీద నిలవడం నేర్చుకున్నాయి.

శాతాల దగ్గర లెక్క ఇంకో రకం. యానిస్ అంటెటోకుంపో మహా ఆటగాడు, అందులో ఎవరికీ అనుమానం లేదు. కానీ 2024-25లో ఆటకు పదికి పైగా ఫ్రీ త్రోలు వేసి 61.7 శాతమే పడేశాడు. మా విజయవాడ మిత్రుడు ఏటా హెచ్చరిస్తాడు, ‘బావా, యానిస్‌ని పట్టావంటే ఫ్రీ త్రోలు గోవిందా!’ అని. నిజమే. మిగతా జట్టంతా కలిసి వారంలో వందకు ఎనభై వేసిందనుకోండి. యానిస్ మూడు ఆటలాడి ముప్పైకి పద్దెనిమిది వేస్తే మొత్తం 130కి 98, అంటే 75 శాతం చిల్లర. ఆ విభాగం అక్కడితో పోయినట్టే. అదే వారమంతా మూడే ఫ్రీ త్రోలు వేసి ఒక్కటే పడేసిన ఆటగాడుంటే 103కి 81. శాతం చూస్తే వాడు యానిస్ కంటే ఘోరం, కానీ జట్టుకు తగిలే దెబ్బ చాలా చిన్నది. శాతాన్ని విడిగా చూడకూడదు, ఎన్నింటికి ఎన్ని అని చూడాలి.

ఇక్కడే అసలు మలుపు. ఫ్రీ త్రోలను ముందే వదిలేసుకుందామని నిర్ణయించుకున్నామనుకోండి. ఫాంటసీవాళ్లు దీన్ని పంట్ చేయడం అంటారు. అప్పుడు యానిస్ దోషం దోషమే కాదు. అతని పాయింట్లు, రీబౌండ్లు, షాట్ల శాతం మాత్రమే మిగులుతాయి. జాబితాలో ఎక్కడో కిందున్నవాడు ఒక్కసారిగా మొదటి నలుగురైదుగురిలోకి వచ్చేస్తాడు. అతనికి తోడు, ఫ్రీ త్రోలు అంతగా పడని రూడీ గోబేర్ లాంటి పొడగరినీ తెచ్చుకోవచ్చు. మనిషి మారలేదు, ఆట మారలేదు, పక్కన ఎవరున్నారన్నది మారింది. ర్యాంకు ఆటగాడి ఒంటికి అంటుకుని ఉండేది కాదు. అతని ఆటకూ మన అవసరానికీ మధ్య ఏర్పడేది.

ఈ మాట తెలుగువాళ్లం మనం గట్టిగా చెప్పుకోవాలి. ఎంసెట్ ర్యాంకు అనే ఒక్క అంకె చుట్టూ పెరిగిన తరాలు మనవి. ఇంటర్ రెండేళ్లూ హాస్టల్లో, వారం వారం పరీక్ష, నోటీసు బోర్డు మీద పేర్లు పైనుంచి కిందికి. ఆ జాబితాలో ఒక్క వరసే ఉంటుంది. అందులో వెనకపడ్డ పిల్లవాడికి వేరే వరస ఉండొచ్చని ఎవరూ చెప్పరు. డ్రాఫ్టు జాబితా నాకు దీనికి సరిగ్గా ఎదురు పాఠం చెప్పింది. తొమ్మిది వైపుల నుంచి చూస్తే ఎవడూ పూర్తిగా వెనకపడినవాడు కాదు, అన్నిటా ముందున్నవాడూ లేడు. యోకిచ్ కూడా బంతి పోగొట్టుకోవడంలో మన లెక్కకు నష్టమే చేస్తాడు.

యోకిచ్ కథ ర్యాంకులు వేసేవాళ్లందరూ గుర్తుపెట్టుకోవాల్సినది. 2014లో నిజమైన ఎన్‌బీఏ డ్రాఫ్టులో అతను 41వ వాడు. అతని కంటే ముందు నలభై పేర్లు పిలిచారు. అతని పేరు వచ్చే సమయానికి అమెరికా టీవీలో తినుబండారాల ప్రకటన నడుస్తోంది, తెర అడుగున చిన్న అక్షరాల్లో పేరు వెళ్లిపోయింది. జీతాలిచ్చి నియమించుకున్న నిపుణులు వేసిన వరస అది. ఆ సెర్బియా కుర్రాడే తర్వాత మూడుసార్లు ఎంవీపీ, అంటే ఆ ఏటి మేటి ఆటగాడు, అయ్యాడు. 2024-25లో ఆటకు 29.6 పాయింట్లు, 12.7 రీబౌండ్లు, 10.2 అసిస్టులు. సీజను మొత్తానికి మూడింటా రెండంకెల సగటు తెచ్చినవాళ్లలో ఆస్కార్ రాబర్ట్‌సన్, రసెల్ వెస్ట్‌బ్రూక్ తర్వాత అతను మూడోవాడు. ఆ ఏడాది ఎంవీపీ గిల్జస్ అలెగ్జాండర్‌కు దక్కింది, న్యాయంగానే. అయినా నా జాబితాలో యోకిచే ముందు. ఆటకు పది అసిస్టులిచ్చే సెంటర్ ఇంకొకడు దొరకడు. పాయింట్లు కొట్టే గార్డులు రెండో రౌండులోనూ దొరుకుతారు.

రౌండంటే గుర్తొచ్చింది, వంతు తిరిగే తీరు కూడా జాబితాను మారుస్తుంది. మొదటి రౌండు ఒకటి నుంచి పన్నెండు దాకా వెళ్తే రెండోది వెనక్కి తిరిగి వస్తుంది. మొదటి పిక్ వచ్చినవాడికి మళ్లీ 24, 25 దాకా వంతు రాదు. పన్నెండో వాడికి 12, 13 వెంటవెంటనే వస్తాయి. అందుకని పేర్లను ఒకే నిచ్చెనగా రాయకుండా గుంపులు గుంపులుగా రాస్తాను. పై ముగ్గురికీ ఆ తర్వాతివాళ్లకూ మధ్య పెద్ద ఎడముంటుంది. అరవైకీ ఎనభైకీ మధ్య దాదాపు ఏమీ ఉండదు. ఎక్కడ గీత గీయాలో తెలియడమే ర్యాంకులు వేయడంలో సగం పని.

మిగిలిన సగం ఒళ్లు. ఈ భాగం రాసేటప్పుడు నా చెయ్యి ఆగుతుంది. విక్టర్ వెంబన్యామా 2024-25లో ఆటకు 3.8 బ్లాకులు, మూడుకు పైగా మూడు పాయింట్ల షాట్లు వేశాడు. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండటం ముందెన్నడూ చూడలేదు. 46 ఆటల తర్వాత భుజంలో రక్తం గడ్డకట్టిందని వైద్యులు ఆపేశారు. 2022-23 ఎంవీపీ జోయెల్ ఎంబీడ్ 2024-25లో ఆడినవి 19 ఆటలే. సగటు ప్రకారం చూస్తే వీళ్లు ఆకాశంలో ఉంటారు, మొత్తం ప్రకారం చూస్తే కిందికి వస్తారు. ఫాంటసీ మాటల్లో దీన్ని రిస్క్ అంటారు. కానీ అది ఒక కుర్రాడి భుజం, ఒక మనిషి మోకాలు. జాబితాలో ఒక మెట్టు దించేటప్పుడు కూడా ఆ సంగతి మరవకూడదు. గాయపడినవాణ్ని ‘నా సీజను నాశనం చేశాడు’ అనేవాళ్లంటే నాకు సరిపడదు.

ఇదే లెక్క ఇంకొకరికి గౌరవం తెస్తుంది. మికాల్ బ్రిడ్జెస్ 2018లో ఎన్‌బీఏలోకి వచ్చాక 2024-25 ముగిసేదాకా ఒక్క ఆట కూడా మానలేదు. క్రిస్ పాల్ నలభయ్యో ఏడు దగ్గరపడుతుండగా 2024-25లో 82కి 82 ఆటలూ మొదటి ఐదుగురిలో ఒకడిగా దిగాడు. రోజూ వచ్చి నిలబడటం కూడా ప్రతిభే అని చెప్పే అంకె ఇంతకంటే ఏం కావాలి?

అంకెలకు అందనిదీ ఉంది. ఎన్‌బీఏ స్టీల్స్‌నూ బ్లాకులనూ అధికారికంగా లెక్కపెట్టడం మొదలుపెట్టింది 1973-74లో. పదమూడు సీజన్లలో పదకొండు టైటిళ్లు గెలిచిన బిల్ రసెల్ అప్పటికే 1969లో ఆట మానేశాడు. బ్లాకునొక కళగా మార్చిన మనిషి ఖాతాలో అధికారికంగా ఒక్క బ్లాకూ లేదు. ఎవరూ రాసుకోలేదు కాబట్టి. ఈనాటికీ ఎదుటివాడికి అడ్డంగా నిలిచి సాటివాడికి దారి చేసిపెట్టినవాడికి, తన మనిషిని కదలనీయకుండా కాసినవాడికి నా తొమ్మిది విభాగాల్లో చోటు లేదు. అందుకే అంకెల జాబితా పక్కనే ఇంకో వరస ఖాళీగా ఉంచుకుంటాను. ఆట చూసినప్పుడు తోచినది ఒక్కో వాక్యం అందులో రాస్తాను.

ప్రేమకు కూడా విభాగం లేదు. 2025 ఫిబ్రవరి మొదటి తారీకు, శనివారం రాత్రి పొద్దుపోయాక, లూకా డాన్‌చిచ్‌ను మా డాలస్ జట్టు లేకర్స్‌కు పంపేసిందని వార్త. ఎనిమిది నెలల కిందటే జట్టును ఫైనల్స్ దాకా తీసుకెళ్లినవాడు. డాలస్‌లో తెలుగు పిల్లలు కూడా 77వ నంబరు చొక్కాలు వేసుకుని బడికి వెళ్లిన కాలమది. మరునాడు గుళ్లో, కిరాణా కొట్లో, ఎక్కడ చూసినా ఇదే మాట, అందరి మొహాలూ చిన్నబోయాయి. నా జాబితాలో మాత్రం అతను ఉన్నచోటే ఉన్నాడు. జట్టు పేరు మారినా అతని పాయింట్లు, అసిస్టులు నా ఖాతాలోకే వచ్చాయి. ఊరు అతణ్ని పోగొట్టుకుంది, లీగు నాకు అతణ్ని మిగిల్చింది. ఆ సీజను మిగతా నెలల్లో లాస్ ఏంజలెస్ ఆటలు రాత్రి చాలాసేపటిదాకా మేలుకుని చూశాను.

ఈసారి అక్టోబరులో మీరు మొదటిసారి డ్రాఫ్టుకు కూర్చోబోతున్నారనుకోండి. నిపుణుల జాబితాలు బోలెడు దొరుకుతాయి, చూడండి, తప్పులేదు. కానీ ముందు మీ చేత్తో మీరొకటి రాయండి. మొదటి పదిమంది గురించి పెద్దగా తలబద్దలు కొట్టుకోనక్కర్లేదు, వాళ్లు లోకానికంతా తెలుసు. ఎనభై నుంచి నూట ఇరవై దాకా ఉండేవాళ్ల దగ్గర ఆగండి. ఒక్కొక్కరి ఆట కనీసం ఒక్కటి పూర్తిగా చూడండి. వాడికి ఏది బాగా వచ్చో, ఏది రాదో, ఎవరి పక్కన ఉంటే వెలుగుతాడో రాసుకోండి. ఆ తర్వాత టేబులులో అట్టడుగునున్న రెండు జట్లు జనవరిలో ఏ మంగళవారమో ఆడుకుంటున్నా మీకు అది ఉత్త ఆట కాదు. అందులో మీరు ఎన్నుకున్న మనిషి ఒకడుంటాడు, అతను చేసే పనిని పేరుపెట్టి మెచ్చుకోవడం మీకు వచ్చి ఉంటుంది.