కాఫీ హౌస్‌లో ఒక సాయంకాలం

కార్యాలయపు పనిమీద కోల్‌కతా వెళ్ళిన మేము ముగ్గురము, పని ముగిసిన సాయంకాలం ఆ నగరపు యువత ఎక్కడ ప్రొద్దుపుచ్చుతుందో చూడదలచాము. మా బస హౌరాలో. 2024లో ప్రారంభమైన మెట్రోలో హుగ్లీ నది అడుగుగా ఎస్ప్లనేడ్ చేరి, అక్కడ రైలు మారి, మహాత్మాగాంధీ రోడ్ స్టేషన్‌లో దిగాము. అక్కడినుండి కాలినడకన కాలేజ్ స్ట్రీట్ చేరుకున్నాము.

దారి పొడవునా పుస్తకాల దుకాణాలే. 1817లో హిందూ కళాశాలగా వెలసి, నేడు ప్రెసిడెన్సీ విశ్వవిద్యాలయమైన విద్యాసంస్థకు చేరువలోనే, ఆల్బర్ట్ హాల్ మేడమీద ఉన్నది కాఫీ హౌస్. 1942లో అక్కడ కాఫీ అమ్మకం మొదలైనది. సత్యజిత్ రాయ్, మృణాల్ సేన్, అమర్త్య సేన్ వంటివారు కూర్చున్న చోటు అది. ఎత్తయిన కప్పు, పొడవాటి కడ్డీలకు వ్రేలాడే పంకాలు, గోడపై రవీంద్రుని చిత్రపటం, కుచ్చు తలపాగాలు ధరించిన వడ్డనదారులు మమ్ము ఆకట్టుకున్నవి.

మా ప్రక్క బల్ల చుట్టూ ఏడుగురు విద్యార్థులు. బల్లమీద మాత్రం మూడే కప్పులు! అందులో పాలు లేని కాఫీని అక్కడివారు 'ఇన్‌ఫ్యూజన్' అంటారు. అందరి చేతులలోనూ సెల్‌ఫోన్లున్నా మాటలకు లోటు లేదు. ఫుట్‌బాల్, సినిమా, ఉద్యోగాలు, ఇలా సాగే ఈ తీరుబడి గోష్ఠికి 'అడ్డా' అని పేరు. ఇండోనేషియా యువత కాఫీ దుకాణాలలో ఇలాగే గుమికూడి కూర్చోవడాన్ని 'నోంగ్‌క్రోంగ్' అంటుంది. మన రచ్చబండకు వీటితో చుట్టరికమున్నదనిపించినది.

వారిలో ఒకడు మరునాడే ఉద్యోగానికి హైదరాబాదు బయలుదేరుతున్నాడట. మేము తెలుగువారమని తెలియగానే, బాబాయిని పిలిచినట్లు "కాకూ" అంటూ హిందీలో అడిగాడు: "మీ ఊళ్ళో ఇంతసేపు కూర్చోనిచ్చే చోటున్నదా?"

ఇరానీ హోటళ్ళున్నవని చెప్పాము. అవి ఏటేటా తగ్గిపోతున్నవని మాత్రం చెప్పలేకపోయాము.

1958లో ఈ కాఫీ హౌస్ కూడా మూతబడినది. అధ్యాపకులు విన్నవించుకోగా తిరిగి తెరిచారు. నేడు దీనిని కాఫీ కార్మికుల సహకార సంఘమే నడుపుతున్నది. పనిచేసేవారే యజమానులైన ఆ చోట, మేమున్న రెండు గంటలలోనూ ఆ పిల్లలను ఎవరూ లేవమనలేదు.

యువతకు వ్యాపకాలు కల్పించాలని మనమెన్నో యోచనలు చేస్తుంటాము. ముందుగా వారికి కూర్చునే చోటు కావాలి, లేవమనని పెద్దలు కావాలి. మెట్లు దిగుతూ మేము ముగ్గురమూ అనుకున్నది ఇదే.